రాని లాభాల మీద ఆస్తి

నాందేడ్, 2003 జూన్ 14, శనివారం

ఈ వారం, నేను అకౌంటెంటుగా ఉన్న పత్తి జిన్నింగ్ మిల్లు లెక్కల్లో నష్టాన్ని లాభంగా మార్చాను.

మూడేళ్లుగా నష్టాలే కాబట్టి, ముందుముందు లాభాలొస్తే వాటి మీద కట్టాల్సిన పన్ను తగ్గుతుంది. తగ్గబోయే ఆ పన్నును ఇప్పుడే ఆస్తిగా చూపించుకోవచ్చు. ఆ మొత్తం ఈ ఏటి లెక్కలో ఆదాయంగా కలుస్తుంది. కానీ లాభాలు వచ్చి తీరతాయనడానికి గట్టి ఆధారం ఉండాలి. ఆడిటర్ అదే అడిగాడు. ఐదేళ్లపాటు మన పత్తి కొంటామని మిల్లు యజమాని సేఠ్ తన బావమరిది చేత ఒక ఆర్డరు రాయించాడు. అది ఉత్త కాగితమని తెలిసి కూడా ఫైల్లో పెట్టాను. ఆడిటర్ నమ్మాడు.

సాయంత్రం ఫోర్‌మన్ గంగారాం పేడాల పొట్లంతో ఇంటికొచ్చాడు.

"సాబ్, మిల్లు లాభంల పడ్డదట గద! మన జిల్లాలనే ఉన్న హిమాయత్‌నగర్ మిల్లోళ్లు నౌకరికి పిలిచిండ్రు. నేను రానని నిన్ననే చెప్పేసిన. ఇరవయ్యేండ్ల సంది ఈడనే ఉన్న, ఇడిచిపెట్టి యాడికి పోత?"

పేడా నా చేతిలోనే ఉండిపోయింది.

"గంగారాం, అది కాగితం మీది లాభం. మన మిల్లు దీపావళి దాంక గూడ నడువది. ఇప్పుడే ఫోన్ చేసి అస్తనని చెప్పు."

ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తాడు. తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పొద్దుగాలనే ఇంకొకన్ని పెట్టుకున్నరట." లోపలికి రాకుండానే అడిగాడు. "సాబ్, గా లెక్క మీరే రాసిండ్రా?"

అవునన్నాను. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

సోమవారం ఆడిటర్ సంతకం పెడతాడు. ఆలోపే ఆయనకు నిజం చెప్పాలి. చెబితే సేఠ్ నన్ను పన్లోంచి తీసేస్తాడు. నేనూ గంగారాం లాగే, చేతిలో ఇంకో కొలువు లేకుండా...