సగం నేసిన స్వామి పంచె

చిన్నోడా,

నువ్వు పోయి ఏడాదయింది. మైల తీరింది కాబట్టి ఈసారి స్వామి పంచెలు నీ మగ్గం మీద మీ అన్న నేశాడు. పొద్దున్నే గద్వాల నుంచి తిరుపతికి బయలుదేరాయి.

ఉత్సవాల్లో స్వామి మొట్టమొదట కట్టుకునేది మన పంచెలేనని ఎంత మురిసేవాడివి! నువ్వు సగం నేసినదాన్ని మైల పడిందని ఆ రోజే మగ్గం మీంచి కోసేశారు. దాన్ని నా పెట్టెలో దాచుకున్నాను.

నేసే నలభై ఒక్క రోజులూ ఒంటిపూటే తినాలి. జ్వరమొచ్చినా నువ్వు నియమం తప్పలేదు. "జర ఇంకో ముద్ద తినురా" అంటే, "పంచెలు కానియ్యమ్మా, అయినంక కుండ మొత్తం ఊడుస్త, నువ్వే పస్తుంటవ్" అని నవ్వావు.

పంచెలు అయిపోయాయి బిడ్డా. ఇక నియమం లేదు. రెండు పూటలా కడుపు నిండా తిను.