మగ్గం కింద బోను

బాపూ,

నువ్వు పోయి నిన్నటికి ఐదు నెలలు. ఈ పొద్దున జరిగింది నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

గింజలు పోసి పంజరానికి గడియ పెట్టడం మరిచిపోయాను. తిరిగి చూసేసరికి నా హ్యాంస్టర్ పల్లి లేదు. వంటింట్లోంచి అమ్మ అరిచింది: "జర మగ్గం కింద బోను సూడే ముందుగాల!"

మగ్గం దగ్గరికి పరుగెత్తాను. నూలు కొరికే ఎలుకల కోసం నువ్వు ఎన్నో ఏళ్లుగా పెడుతూ వచ్చిన బోను అది. తలుపు టప్పున మీద పడితే పల్లి నడుము విరగాల్సిందే. దాన్ని ఇంటికి తెచ్చిన రోజు నువ్వెంత కోప్పడ్డావు! "ఈడ ఎలుకలతోని నేను చస్తాంటె, నువ్వు ఇంకోటి కొనుక్కొస్తివా బిడ్డా?"

వంగి చూశాను. పల్లి బోనులోనే కూర్చుని తాపీగా మూతి తుడుచుకుంటోంది. తలుపు పడలేదు. పడదు కూడా. దాన్ని పైకెత్తి పడుగు దారంతో కట్టేశావు. తెగిన పోగులను అతికేటప్పుడు నువ్వు వేసే ఆ చిన్న ముడిని నేను గుర్తుపట్టలేనా?

ఎప్పుడు కట్టావు బాపూ? తిడుతూనే కట్టావా? బోను తీసేస్తే మెత్తబడ్డావని మాకు తెలిసిపోతుందనేగా అక్కడే ఉంచావు! నీ పుణ్యమా అని పల్లి బతికింది.

అమ్మ కూడా వచ్చి వంగి చూసింది. దారాన్ని వేలితో ఒకసారి తాకింది.

"ఎలుకలు నూలు కొరికితె కొరకనియ్ బిడ్డా. ఆ ముడి మాత్రం ఇప్పకు."

నీ బిడ్డ