హెల్మెట్‌కు రెండు కన్నాలు

అన్నయ్యకు నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. మీ బావగారి దగ్గు తగ్గింది. అక్కడ నువ్వూ వదినా కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ బొమ్మల కథను సినిమావాళ్ళు ఉన్నదున్నట్టు తీస్తున్నారా, తగలేస్తున్నారా అని కిందటి ఉత్తరంలో అడిగావు. ఉన్నదున్నట్టే అన్నయ్యా, పొల్లు పోకుండా తీస్తున్నారు. నా భయమంతా అదే. డైరెక్టరు నీ పుస్తకం పేజీలు విప్పించి సెట్టు గోడనిండా అంటించాడు. రాకెట్టేమో రేకుది. దాని తోకలో మంటకు బదులు ఫ్యాను గాలికి ఎగిరే ఎర్ర గుడ్డపేలికలు. చూసి లైటుబాయ్‌లు కూడా పడీ పడీ నవ్వుతారు. ఆయన మాత్రం నవ్వడు. వేరే గ్రహం రాక్షసుడికి నువ్వు ఒక పేజీలో ఐదు వేళ్ళు, ఇంకో పేజీలో పరాకున ఆరు వేళ్ళు వేశావు చూడు, నా చేత రెండు రకాల తొడుగులు కుట్టించాడు. "అది పొరపాటండీ, మా అన్నయ్య చూసుకోలేదు" అన్నాను. "బొమ్మలో ఉందా లేదా? అంతే!" అన్నాడు.

నీ కథలో రాణి హెల్మెట్ సంగతీ అంతే. నువ్వు గాలికి కన్నాలు వెయ్యలేదు కాబట్టి వాళ్ళూ పెట్టలేదు. పొగ నిండిన రాకెట్లో రాణి ఊపిరాడక హెల్మెట్‌ను పిడికిళ్ళతో బాదుకుంటుంది కదా, ఆ సీను రిహార్సల్లోనే హీరోయిన్ కళ్ళు తేలేసింది. మళ్ళీ దాన్ని ముట్టుకోనని కూర్చుంది. ముఖం ఎలాగూ కనబడదు, అదే ఎత్తున్న మనిషైతే చాలన్నారు.

ఆ మనిషిని నేనే. కుట్టుపని తప్ప ఇంకేమీ లేదని నీకు రాసింది అబద్ధం. మీ బావగారికీ చెప్పలేదు. ఇన్నాళ్ళకు నీ బొమ్మ తెరకెక్కుతుంటే నా మూలాన ఆగిపోవడమా అని ఒప్పుకున్నాను. నిన్న మెడ కిందినుంచి పొగ లోపలికి దూరింది. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆపమని రెండు చేతులతో హెల్మెట్‌ను బాదాను. "అద్భుతం! అచ్చం బొమ్మలాగే చేస్తోంది!" అని డైరెక్టరు అరవడం వినబడింది. నేను కింద పడ్డాకే ఆపారు.

వచ్చేవారం మళ్ళీ తీస్తారు. ఈసారి రాకెట్టు తలుపుకు బయటినుంచి గడియ వేస్తారట. నువ్వు అలాగే గీశావు. నాకు చాలా భయంగా ఉందన్నయ్యా, అన్నం కూడా సయించడం లేదు. ఆయన నీ గీత తప్ప ఎవరి మాటా వినడు. ఈ ఉత్తరం అందగానే ఆ పేజీ మళ్ళీ వెయ్యి. హెల్మెట్‌కు ముక్కు దగ్గర రెండు కన్నాలు పెట్టు. గడియ లోపలివైపు గీయి. కింద సంతకం మరిచిపోకు.

చిన్నప్పుడు నా తలమీద సత్తుగిన్నె బోర్లించి కూర్చోబెట్టి ఈ రాణి బొమ్మ వేశావు, గుర్తుందా? గిన్నె ఇరుక్కుపోయి నేను దాన్ని బాదుతుంటే ఆటాడుతున్నాననుకున్నావు. బొమ్మ పూర్తయ్యాకే లేచి అమ్మను పిలిచావు. అమ్మ నూనె రాసి లాగింది.

ఈసారి ఆటనుకోకు.

ఇట్లు,
ఇంకా గిన్నెలోనే ఉన్న నీ చెల్లి