శుక్రవారం బూడిద

2 ఫిబ్రవరి 1978, గురువారం

జహీరాబాద్ టెలిఫోన్ ఎక్స్ఛేంజికి ట్రాన్స్‌ఫర్ అయి నెల. సికింద్రాబాద్‌లో గ్యాస్ మీద వండుకున్నదాన్ని, ఇక్కడ కిరోసిన్ స్టవ్‌ను పిన్నుతో పొడుస్తూ కూర్చుంటున్నాను. స్టవ్ వెలిగేసరికి డ్యూటీ టైమ్ అవుతుంది. మొరాయించిన రోజు నా కాఫీ ఇంటి ఓనరు నాగవ్వ పొయ్యి మీదే.

నాగవ్వ ఒంటరి మనిషి. అరవై దాటాయి. బీదర్ వైపు నుంచి కోడలిగా వచ్చిందట. ఆవిడ పొయ్యి ఆరడం నేను చూడలేదు. రాత్రి నిప్పుల మీద బూడిద కప్పి పడుకుంటుంది, తెల్లారి కదిపితే ఎర్రగా ఉంటాయి. గల్లీలో ఆడవాళ్లంతా కుండ పెంకులు పట్టుకుని అగ్గికి ఆవిడ దగ్గరికే వస్తారు. పెంకులో కాస్త బూడిద పోసి, రెండు నిప్పులు పెట్టి, గాలికి రవ్వ లేవకుండా పైన మళ్లీ బూడిద కప్పి ఇస్తుంది.

అందరూ అగ్గిపెట్టెలు కొనుక్కోవచ్చుగా అన్నాను. కొనుక్కుంటే నా ఇంటికెవరొస్తరు బిడ్డా, అని నవ్వింది.

10 ఫిబ్రవరి, శుక్రవారం

శుక్రవారాలకు వేరే రూలు ఉందని ఇవాళ తెలిసింది. ఆ రోజు పొయ్యిలో బూడిద గడప దాటకూడదట, దాటితే లక్ష్మి వెంట పోతుందట. వాళ్ల అత్త మాట. మరి అగ్గి ఎందుకిస్తున్నావంటే, అడిగినోళ్లకు అగ్గి లేదంటే పాపం కాదా అంది. అందుకని శుక్రవారం వట్టి నిప్పులే ఇస్తుంది. లాజిక్ బాగుంది. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు, అద్దెకున్నదాన్ని కదా.

17 ఫిబ్రవరి, శుక్రవారం, మధ్యాహ్నం

లీవ్ పెట్టాను.

పొద్దున్నుంచీ ఒకటే గాలి. ఎదురింటి నారమ్మ అగ్గికి వచ్చింది. నాగవ్వకు ఆవిడంటే సొంత చెల్లెలితో సమానం. శుక్రవారం కదా, పెంకులో వట్టి నిప్పులు పడ్డాయి. నారమ్మ తన వాకిట్లోకి వెళ్లేసరికి వాళ్ల దుడ్డె తాడు తెంపుకుని బర్రె దగ్గరికి ఉరికింది. దాన్ని పట్టుకోవడానికి ఆవిడ పెంకును చొప్ప వామి పక్కన పెట్టింది. అంతే. దుడ్డెను కట్టి తిరిగి చూసేసరికి వామి అంటుకుంది.

గల్లీ గల్లీ అంతా బిందెలతో ఉరికాం. నారమ్మ పెనిమిటి ఈరయ్య తాళ్లు కోసి బర్రెనూ దుడ్డెనూ బయటికి తోలాడు. మనుషులకేం కాలేదు. ఎండాకాలానికి దాచిన చొప్పంతా పోయింది, ఇంటి కప్పు ఒక మూల కాలింది.

పొద్దున ఆ పొయ్యి మీదే నా కాఫీ కాగింది.

19 ఫిబ్రవరి, ఆదివారం

నాగవ్వ అన్నం ముట్టలేదు.

24 ఫిబ్రవరి, శుక్రవారం

అగ్గికి ఎవరూ రావడం లేదు. అందరూ అగ్గిపెట్టెలు కొనుక్కున్నారు. నేను ఇచ్చిన సలహానే. నాగవ్వ రోజూ లేచి నిప్పులు కదిపి, గడప వైపు చూసి, ఒక్క రొట్టె కాల్చుకుంటుంది.

న్యాల్‌కల్ నుంచి ఒక బండి చొప్ప తెప్పించి నారమ్మ ఇంటికి పంపింది. ఈరయ్య దింపుకున్నాడు, నారమ్మ మాత్రం బయటికి రాలేదు. బర్రె మాత్రం ఏ పట్టింపూ లేకుండా తినేసింది. నారమ్మ ఇంక నా మొకం సూడది, అంది నాగవ్వ.

2 మార్చి, గురువారం

నల్లా దగ్గర నారమ్మ దొరికింది. ఊరుకోలేక అడిగేశాను. ఆవిడకు కోపమే లేదు! పెంకు అక్కడ పెట్టింది నేనే కదమ్మా, అవ్వకు ఏం మొకం పెట్టుకుని కనిపిస్త, అని కళ్లు తుడుచుకుంది. ఇంక అగ్గి ముట్టనని ఒట్టు వేసుకుందట. నెలలు నిండిన కోడలు శివమ్మే వండుతోందట.

పరుగెత్తుకొచ్చి నాగవ్వకు చెప్పాను. తప్పు దానిది కాదు బిడ్డా, నేను బూడిద కప్పియ్యలే, అంది. అయితే ఇక నుంచి శుక్రవారం కూడా కప్పి ఇవ్వు అన్నాను. అత్త మాట ఎట్ల తీసేస్త అని మొదలుపెట్టి, కన్నడంలో నన్ను ఏదో అని లోపలికి వెళ్లిపోయింది. నాకు అర్థం కాలేదు కానీ మంచి మాటైతే కాదు.

9 మార్చి, గురువారం

సాయంత్రం వడగళ్ల వాన. నారమ్మ ఇంట్లో కాలిన మూల నుంచి నీళ్లు కారుతున్నాయట. మధ్యాహ్నమే శివమ్మ కాన్పయింది, ఆడపిల్ల.

పాపను చూడాలని నాగవ్వకు ప్రాణం కొట్టుకుంటోంది. కానీ పోదు. పొద్దున లేచి పొయ్యిల నీళ్లు పోస్త, ఒక్కదానికి అగ్గెందుకు, అంది. మామూలుగా అంది, పాలు కావాలా అని అడిగినట్టు. నా గదికొచ్చి ఏడ్చాను.

10 మార్చి, శుక్రవారం, పొద్దున

నా తలుపు కొట్టింది నారమ్మ. చేతిలో పెంకు. అగ్గిపెట్టెలన్నీ తడిసిపోయాయట, బాలింతకు వేణ్నీళ్లు కావాలి, అగ్గి ముట్టిస్తవా అమ్మా అంది. స్టవ్‌లో కిరోసిన్ లేదు, అగ్గిపెట్టె కూడా అయిపోయింది అన్నాను. అబద్ధం. అవ్వ పొయ్యి ఆర్పడానికి నీళ్ల చెంబు తీసింది, జల్దీ పో అన్నాను.

వెనకే వెళ్లాను. గడప బయట నారమ్మ, పొయ్యి దగ్గర చెంబుతో నాగవ్వ. నాగవ్వ చెంబు కింద పెట్టి, వచ్చి పెంకు అందుకుంది. ముందు బూడిద పోసింది. నిప్పులు పెట్టింది. మళ్లీ బూడిద కప్పి, తనే పట్టుకుని గడప దాటింది.