సరాఫు తక్కెడలో పెండపురుగు

8 జూలై 1979, ఆదివారం
ఎంత మంచి రోజు! చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన చచ్చిన సీతాకోకచిలుక దొరికింది. లారీ గాలికి పడినట్టుంది. నల్లటి రెక్కలు, వెనక రెక్కల మీద నీలం. విప్పితే నా అరచేయి కనపడలేదు.

అక్కడి నుంచి అడవిలోకి నడిచాను. ఆవుపేడ దగ్గర ఒక పేడపురుగు. ఉండ చేసి, తలకిందులుగా నిలబడి, వెనకకాళ్లతో తోసుకుపోతోంది. దాన్నీ, దాని ఉండనూ సీసాలో వేసుకున్నాను.

9, సోమవారం
స్కూల్ టీచర్ మనోరమగారికి రెండూ చూపించాను. శనివారం అక్కడ సైన్స్ ఎగ్జిబిషన్. సీతాకోకచిలుకను చూసి ఆమె మొహం వెలిగిపోయింది. పురుగును చూసి ముక్కు మూసుకున్నారు. "ఇది గూడ పెట్టాల్నంటే మీరే నిలబడి దీని సంగతి చెప్పాలె. లేకుంటే సీతాకోకచిలుక ఒక్కటే పెడ్త" అన్నారు. తల ఊపి వచ్చేశాను.

పదిమందిలో నేనెప్పుడు మాట్లాడాను? పేడ కెలుకుతానని ఊరంతా నన్ను పెండపురుగు అంటారు. ఇరవై ఏళ్లలో ఒక్కరికీ జవాబివ్వలేదు.

10, మంగళవారం
మాట్లాడలేను.

11, బుధవారం. సాయంత్రం ఆరు
ఐడియా! ఈ రెంటిలో ఏది గట్టిదో నేను చెప్పడమెందుకు? తూకం చెప్తుంది. రేపు శరణప్ప సేటు బంగారం దుకాణానికి పోతాను.

12, గురువారం
దుకాణం నిండా జనం. సీతాకోకచిలుక మూడు గురిగింజలు తూగింది. పురుగు పద్నాలుగు! "అరే పెండపురుగూ, నీ చుట్టమే బరువున్నది రా" అన్నారెవరో. అందరూ నవ్వారు.

ఉండ బయటికి తీశాను. శరణప్ప తక్కెడ వెనక్కి లాక్కున్నాడు. "లక్ష్మి కూసునే తక్కెడల పెండ పెడ్తవా? పో, పో!" అని అరిచాడు. ఆయన నుదుటి మీద మూడు విభూతి గీతలు. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"సేటూ, మీ నొసటి మీదిది ఏం కాలిస్తే అయింది? ఇది గూడ ఆవుదే."

శరణప్ప నుదురు తడుముకున్నాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "మూగోడు మాట్లాడిండు రా! పెట్టు, నీ ఉండ పెట్టు" అన్నాడు.

గురిగింజలు చాలలేదు. రెండు తులాలు! తన బరువుకు పదమూడింతలు తోసుకుపోతోంది ఆ పురుగు!

14, శనివారం
మాట్లాడాను. గంటసేపట, మనోరమగారు చెప్పారు.

పురుగుకూ రెక్కలున్నాయని చెప్పడం మాత్రం మరిచిపోయాను. మూత తీసిన సీసా అంచుకెక్కి, అదే చెప్పింది.