పత్తికాయ కోసే కత్తి

నాన్నా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. పొద్దున అమ్మ నీ ఫోటోకి దండ వేసింది. నేను ప్రాక్టికల్ పరీక్ష ఉందని ఒంగోలు బస్సెక్కాను.

మా వ్యవసాయ కాలేజీలో కాయలు కోసి చూడటానికి ఎవరి కత్తి వాళ్లే తెచ్చుకోవాలి. పోయిన వారం కొట్లో నేను పెద్ద మడతకత్తి తీసుకోబోతే, కొట్టాయన ఆపాడు. "చదువుకునే పిల్లవి, అది పట్టుకు తిరిగితే పోలీసులు ఊరుకోరమ్మా" అని, తెరిచినా నా వేలంత ఉండని చిన్న కత్తి ఇచ్చాడు.

అయినా ఇవాళ బస్టాండులో సంచులు వెతుకుతున్న లేడీ కానిస్టేబుల్ దాన్ని బయటికి తీసింది.

"కాలేజీ పిల్లవి, కత్తెందుకే నీకు?"

జనం గుమిగూడారు. పరీక్షకి అరగంటే ఉంది.

"పత్తికాయలో పురుగు చూడటానికండి."

"ఏదీ, చూపించు."

బాబాయి చేలోంచి పరీక్ష కోసం తెచ్చిన కాయ తీశాను. పైకి పచ్చగా, మచ్చ లేకుండా ఉంది. ఆమె చేతిలోంచి కత్తి అందుకుని కోశాను. లోపల గులాబీరంగు పురుగు కదిలింది. నువ్వు చివరిసారి వేసిన పత్తి కూడా పైకి ఇంత బాగానే ఉండేది.

ఆమె ఆ కాయనే చూస్తూ ఉండిపోయింది. కత్తి సంచిలో పెట్టుకోమని, తన ఫోన్ తీసి ఎవరికో కలిపింది.

"నాన్నా, మన చేలో కాయలు ఎట్టా చూడాలో ఒకమ్మాయి చెప్పుద్ది, విను" అని నా చేతికిచ్చింది.

"చెప్పమ్మా" అన్నాడాయన.

పరీక్షకి వేళవుతున్నా అక్కడే నిలబడి, నీకు చెప్పాల్సినవన్నీ ఆయనకి చెప్పాను.