పద్నాలుగో రోజు దారి

ఏప్రిల్ 11

కీర్తన కాగితాలు ఈరోజు బయటికి తీశాను. బిడ్డ పోయి ఐదు నెలలు. ఇరవై ఒక్క కాగితాలు, రోజుకొకటి. ఇరవై ఒక్క రోజుల సైకిల్ రేసుకు తను గీసిన దారి. తెలంగాణ అంతా తిరిగి సికింద్రాబాద్‌లో ఆగాలి. నా చదువు ఐదో తరగతి. కానీ గీత అర్థమవుతోంది. లేస్తే గుట్ట, పడితే దిగుడు. పద్నాలుగో కాగితం మీద గీత చాప పరిచినట్టుంది. పక్కన పెన్సిల్‌తో రాసుకుంది — నవంబర్‌లో చూడాలి.

చూడటానికే వెళ్ళింది.

ఏప్రిల్ 12

మూడు జాకెట్లు కుట్టి ఇవ్వాలి. ఒక్కటే అయింది. దానికీ చేతులు తిరగేసి అతికించాను. విప్పాను.

ఏప్రిల్ 14

యాప్రాల్ నుంచి నస్రీన్ వచ్చింది. కీర్తనతో కలిసి సైకిల్ తొక్కిన పిల్ల. ఇప్పుడు రేసు కమిటీలో దారి పని తనే చూస్తోంది. "ఆంటీ, జెర కూసోండ్రి. ఒక మాట చెప్పాలె." నవంబర్‌లో రేసు ఖాయమట. పద్నాలుగో రోజు, కీర్తన పడిపోయిన రోడ్డు మీదుగానే పోతుందట. సరిగ్గా ఆ చోట కీర్తన పేరుతో బోర్డు. అక్కడికి ముందొచ్చినవాళ్ళకు కీర్తన పేరుతో కప్పు.

మా ఆయన ముఖం ఎన్నాళ్ళకో వెలిగింది. "నా బిడ్డ పేరు టీవీల సుత వస్తదా?" రెండుసార్లు అడిగాడు.

నేను టీ పెట్టడానికి లేచాను. వంటింట్లోంచే అడిగాను — నవంబర్‌ల ఆ రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు గదా?

"కమిటీవాళ్ళు ఫిబ్రవరిల చూసిన్రు ఆంటీ. రోడ్డు సాఫ్ ఉన్నది."

ఫిబ్రవరిలో పైరు పొలంలో ఉంటుంది. రోడ్డు సాఫ్‌గా ఉండక ఏముంటుంది... కీర్తన ఎప్పుడూ అనేది. రేసు ఏ నెలల ఉంటే ఆ నెలల్నే రోడ్డు చూడాలె మమ్మీ, లేకుంటే చూసినట్టే కాదు.

ఏప్రిల్ 15

కళ్ళు మూసినా అదే. వడ్ల కుప్ప. పైన నల్ల పట్టా. పట్టా ఎగిరిపోకుండా చుట్టూ రాళ్ళు. సందె వేళ నల్ల రోడ్డు, నల్ల పట్టా — సైకిల్ మీద వచ్చే బిడ్డకు ఏది ఏదని తెలుస్తుంది?

ఆ రాళ్ళ మధ్య నుంచి ఇంకా ఎందరి పిల్లల్నో గుంపుగా పంపుతారట. నా బిడ్డ పేరు పెట్టి.

పంపనివ్వను.

ఏప్రిల్ 17

బేగంపేటలో కమిటీ ఆఫీసు. ఒక్కదాన్నే మెట్రోలో వెళ్ళాను. మా ఆయనకు చెప్పలేదు. పెద్దాయన ప్రభాకర్ సార్. మంచివాడే. నీళ్ళు తెప్పించాడు. "అమ్మా, ఆ రోజు పోలీసోళ్ళు వడ్లు తీపిస్తరు. రెండు గంటల పని."

"తీసి ఏడ పోస్తరు సార్?"

ఫోన్ చూసుకున్నాడు. "మీరు బాధల ఉన్నరు. రూట్ వెయ్యాలంటే చానా లెక్కలుంటయమ్మా."

"ఉంటయి సార్. పదమూడో రోజు గుట్టలు, పదిహేనో రోజు గుట్టలు. నడుమల ఒక్కరోజన్న కాళ్ళకు చదునుండాలె. వేగంగ ఉరికేటోళ్ళకు గా ఒక్కరోజే గెలిచే మోక. అందుకే గీ రోడ్డు పెట్టింది నా బిడ్డ."

ఫోన్ పక్కన పెట్టాడు. "అసొంటిదే వేరే రోడ్డుంటే తీస్కరాండ్రి, చూద్దాం."

నన్ను పంపించడానికే అన్నాడేమో. నేను మాత్రం ఆయన మాట ఇచ్చినట్టే తీసుకున్నాను.

ఏప్రిల్ 20

నస్రీన్ కారులో ఆ రోడ్డుకు. యాసంగి పంట కోతలు. సగం రోడ్డు వడ్లే, కనుచూపు మేర. ఆ చోట దిగాను.

ఒకామె పాదాలతో వడ్లలో చాళ్ళు తీస్తోంది. మల్లవ్వట. "ఎవరింటికొచ్చినవ్ చెల్లె?" చెప్పాను. పాదాలు ఆగిపోయాయి. "ఆ రాళ్ళు మావి కాదు చెల్లె... మావోళ్ళవి కాదు."

అడగడానికి రాలేదన్నాను. అది నిజం. మొత్తం నిజం కాదు.

"కల్లం జాగల ప్లాట్లు చేసిన్రు. ఇగ గీ రోడ్డే మాకు కల్లం."

వడ్లు పొయ్యని రోడ్డు ఏదన్నా ఉన్నదా అక్కా?

"కాలువ రోడ్డు. పొడుగూత చింతచెట్లు. నీడల వడ్లు ఎవరు పోస్తరే?"

వెళ్ళాం. చదునుగా ఉంది. చల్లగా ఉంది. ఒక్క గింజ లేదు. స్పీడ్ బ్రేకర్లు నేను లెక్కపెట్టాను — ఏడు. చివరి మూడు కిలోమీటర్లలో ఒక్కటీ లేదు. కీర్తన మొదట చూసేది అదే.

ఏప్రిల్ 22

కాలువ మీదుగా పోతే పదకొండు కిలోమీటర్లు పెరుగుతుందట. నస్రీన్ తల పట్టుకుంది. "తెల్లారి గుట్ట ఎక్కాలంటే కాళ్ళల్ల దమ్ముండదు ఆంటీ."

బట్ట అంతే ఉన్నప్పుడు ఒకచోట వదిలితే ఇంకోచోట లాగాలి. కాగితం మొదటి నుంచి చూశాను. బయల్దేరే ఊరి చుట్టూనే రెండు రౌండ్లు. గిదెందుకు?

"చూసెటోళ్ళ కోసం ఆంటీ."

"ఒక్కపారి చూస్తే కండ్లు నిండవా?"

పకపకా నవ్వింది. ఒక రౌండ్ తీసేశాం. తొమ్మిది తగ్గింది.

ఏప్రిల్ 25

సార్ కాగితం చాలాసేపు చూశాడు. "రోడ్డు మంచిగనే ఉన్నదమ్మా. కని ఒక్క తక్లీఫ్. కప్పు, బోర్డు స్పాన్సర్ ఒప్పుకున్నది ఆ జాగకే. జాగ మారితే కీర్తన పేరుండదు."

"పేరు వద్దు సార్. రోడ్డు మార్చుండ్రి."

వెంటనే అనేశాను. మెట్లు దిగుతుంటే మా ఆయన ముఖం గుర్తొచ్చింది.

ఏప్రిల్ 26

మా ఆయనకు చెప్పాను. "బిడ్డను దేవుడు తీస్కపోయిండు. పేరు నువ్వు తీసేసినవ్." కంచం ముట్టలేదు.

ఏప్రిల్ 27

మాట లేదు.

ఏప్రిల్ 28

మాట లేదు. అన్నీ కుట్టేశాను.

ఏప్రిల్ 30

శనివారం కమిటీ తేలుస్తుందట. పేరు వద్దని తల్లిదండ్రులిద్దరూ రాసిస్తేనే కాలువ రోడ్డు. నస్రీన్ కాగితం తెచ్చి ఇచ్చింది. నా సంతకం పెట్టాను. కింద ఆయన చోటు.

డ్యూటీ నుంచి వచ్చాక ముందు పెట్టాను. నిలబడే చదివాడు. నాలుగు రోజుల తర్వాత మాట్లాడాడు. "ఆడ నీడనే ఉంటదా? పొద్దంత?"

"నేను చూసిన."

"నేను సూడకుండ సంతకం పెట్ట."

అంతే. లోపలికి వెళ్ళాడు.

పొద్దున ఆరింటికి కారు తెమ్మని నస్రీన్‌కు చెప్పాను. రేసు అవతలి దిక్కు నుంచి వస్తుంది; మా ఇంటి దిక్కు నుంచి కాలువకు పోవాలంటే ముందు వడ్ల రోడ్డు, బిడ్డ పడిన చోటు దాటాలి. ఇంకో దారి లేదు. బిడ్డ పోయినప్పటి నుంచీ ఆయన అటు వెళ్ళలేదు...

ఈ సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు.